ఐదో బోరు దిగిన వైపు

దిక్సూచి పోయిన రోజు బుధవారం. పోగొట్టింది టేపు బాబాయ్. కొండ మీది పాత కందకం అంచున కూర్చుని చెప్పులో రాయి దులుపుకుంటుంటే, అది చొక్కా జేబులోంచి జారి బండల సందులోకి దొర్లింది. టంగుమని ఒకసారి, టింగుమని ఇంకోసారి. మూడో చప్పుడు వినపడలేదు.

“పోలేదమ్మాయ్. దిగిందంతే,” అన్నాడు బాబాయ్.

“ఎక్కడికి?”

“లోపలికి.”

ఆమె సందులోకి చెయ్యి పెట్టింది. మోచేతి దాకా వెళ్ళినా వేళ్ళకు ఏమీ తగల్లేదు. అది నాన్న దిక్సూచి. నాన్న పోయి నాలుగు నెలలైంది. ఆయన వస్తువుల్లో ఆమె అడిగి తీసుకున్నది అదొక్కటే.

బాబాయ్ నాన్నకు తమ్ముడు. ముప్ఫై ఏళ్ళ కిందట నాన్న ఈ కొండ మీద రాగి కోసం వెతికినన్నాళ్ళూ కొలత టేపు రెండో కొస పట్టుకున్నది అతనే. పేరు అలా స్థిరపడిపోయింది. ఆమె కూడా నాన్నలాగే జియాలజిస్టు, అదే కంపెనీలో ఉద్యోగం. రాయి నమూనాల కోసం నాన్న వేయించిన పాత బోర్లన్నీ చూసి, కొండ లీజును కంపెనీ ఉంచుకోవాలో వదిలెయ్యాలో శనివారంలోగా రాసివ్వాలి.

నాన్న చెప్పే కథ చిన్నదే. ఎప్పుడో కరిగిన రాయి భూమి లోపలి నుంచి ఉబికి వచ్చి సున్నపురాయిని తాకింది. అదే చల్లారి గ్రానైటయింది. రెండూ కలిసిన అంచున సలసల కాగే నీళ్ళు రాయిని ఉడికించి, ఇనుమును అక్కడ దించి పోయాయి. సున్నపురాయికి ఆనుకుని రాగిని కూడా దించి ఉండాలని ఆయన నమ్మకం. మొదటి నాలుగు బోర్లలో నల్లటి ఇనుపరాయి నిండుగా తగిలింది. ఐదోది రాగి కోసం. గ్రానైటు వైపు మొదలై, ఉత్తరానికి ఏటవాలుగా దిగి, ఇనుము కిందుగా సున్నపురాయిని చేరాలి. నూట నలభై మీటర్లు దిగినా గ్రానైటు తప్ప ఏమీ రాలేదు. యంత్రం వెళ్ళిపోయింది. మళ్ళీ కొండెక్కినవాళ్ళు లేరు. ఆఫీసులో మాత్రం ఎవరైనా కనపడని ఫైలు కోసం వెతుకుతుంటే “సున్నపురాయి దొరికిందా?” అనడం అలవాటయింది. నాన్న రిటైరయ్యే రోజున కూడా ఎవరో అన్నారు. ఆయన కూడా నవ్వారట.

ఐదో బోరు ఇనుప గొట్టం ఇంకా నేలలోంచి మూరెడు పొడుచుకుని ఉంది. దాని వాలు చూస్తే బోరు ఎటు దిగిందో తెలుస్తుంది. గొట్టం ఇనుము సూదిని లాగుతుందని ఆమె పది అడుగులు వెనక్కి నడిచి, నాచు పట్టిన చదును బండ మీద నిలబడి, ఫోనులో దిక్సూచి తెరిచింది. ఉత్తరం. నాన్న మ్యాపులోనూ ఉత్తరమే.

“సరిపోయింది బాబాయ్,” అంది. గొంతులో సంతోషం లేదు. సరిపోతే వదిలెయ్యమని రాయాలి.

“ఫోను మాటేనా? మేం పుల్ల పాతేవాళ్ళం,” అన్నాడు బాబాయ్. పోగొట్టిన వస్తువుకు బదులు ఏదో ఒకటి చెయ్యాలని అతని ఆరాటం. ఒక పుల్ల పాతి, నీడ కొసన గులకరాయి పెట్టాడు. అరగంట ఇద్దరూ మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నారు. జరిగిన నీడ కొసన ఇంకో రాయి పెట్టాడు. రెండు రాళ్ళనూ కలిపితే తూర్పు పడమరలు.

గొట్టం సరిగ్గా ఆ గీత వెంటే తూర్పుకు దిగుతోంది.

“పుల్లకు మతి పోయింది,” అన్నాడు బాబాయ్.

ఆమె చదును బండ మీది నాచు సుత్తితో గీకింది. కింద నల్లగా మెరిసింది. సంచిలోంచి అయస్కాంతం తీసి పెడితే టక్కున అతుక్కుంది; సూదిని లాగింది ఈ ఇనుపరాయే. ఫోను పట్టుకుని బండ దిగి, ముప్ఫై అడుగులు నడిచేసరికి సూది మెల్లగా తిరిగి, పుల్ల చెప్పిన ఉత్తరానికి వచ్చి ఆగింది.

“బోరు సున్నపురాయి వైపు వెళ్ళనే లేదు బాబాయ్. దాని పక్కనే, తాకకుండా నడిచి పోయింది. దిక్సూచి పోకపోతే నాన్నలాగే నేనూ ఈ బండ మీదే చూసి, సంతకం పెట్టి దిగిపోయేదాన్ని.”

బాబాయ్ బండ దగ్గరికి వచ్చి అరచేత్తో తడిమాడు.

“ఐదో బోరుకు దిక్కు పెట్టిన రోజు వాన. మూడు రోజులుగా ఎండ లేదు. అంతా బురద. ఇక్కడ నుంచో అన్నయ్యా, బూట్లు పాడవ్వవు అని ఈ బండ చూపించింది నేనే.”



“పాడయ్యాయా?” అంది ఆమె.

“ఏవీ?”

“బూట్లు.”

“లేదు. కొత్తవాటిలా ఉన్నాయి,” అని బాబాయ్ పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగాక అతను కళ్ళు తుడుచుకున్నాడు, ఆమె చూడనట్టు పుల్ల పీకింది.

కిందికి దిగి మేనేజరుకు ఫోను చేసింది.

“ఏమ్మా, సున్నపురాయి దొరికిందా?”

“లేదండీ. ఎందుకు దొరకలేదో దొరికింది.”

శనివారం ఆమె ఉంచుకోమని రాసింది. బండ ఫొటో, పుల్ల నీడ కొలతలు, ఉపగ్రహాలతో మళ్ళీ కొలిచిన దిక్కు జతచేసింది. మేనేజరు ఒక్క బోరుకు ఒప్పుకున్నాడు.

బాబాయ్ పొడవాటి కొక్కెం తీసుకుని రెండుసార్లు కొండెక్కాడు. దిక్సూచి అందలేదు. ఆరో బోరు ఇంకా వెయ్యలేదు.