కరువు బొమ్మ పాదాలు

ఆ శిల్పిని మా పోత షెడ్డులో అందరం బొటనవేలు అంటాం. ఏది చూసినా ఒక కన్ను మూసి, బొటనవేలు ముందుకు చాచి కొలుస్తాడు. ఆకలిని కూడా అలాగే కొలిచాడు, వెధవ. నన్ను నిలువునా ముంచింది వాడే.

పాతకాలం కరువులో పోయినవాళ్లకి స్మారకం అన్నారు. ఐదు కంచు బొమ్మలు. పోత పని నాకొచ్చింది. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, కంచు తప్ప నాకేం తెలియదు. అయినా మట్టి నమూనాల్లో కుర్రాడి బొమ్మ చూడగానే తప్పు కనిపించింది. లెక్కపెట్టి పేర్చినట్టు పక్కటెముకలు, సన్నని కాళ్లు, నాజూకు పాదాలు. ఆకలితో చచ్చేవాడిలా లేడు, నాట్యం చేసి అలసినట్టున్నాడు.

మా నాయనమ్మ ఆ కరువులోనే తమ్ముణ్ణి పోగొట్టుకుంది. చివరి వారంలో వాడి పాదాలు వాచిపోయాయనీ, వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయేదనీ బతికినన్నాళ్లూ చెప్పింది. వాడికి ఫోటో లేదు, సమాధి లేదు. మాకు మిగిలింది ఆ గుంట ఒక్కటే.

"పాదాలు వాచి ఉండాలండీ," అన్నాను.

బొటనవేలు నవ్వాడు. "వాచిన పాదాలు చూస్తే వీడు బాగా తిన్నాడనుకుంటారయ్యా జనం. నువ్వు పోత సంగతి చూసుకో."

అంతలో స్మారకం కట్టించే కమిటీకి స్థలం చిక్కొచ్చింది. రోడ్డు మలుపులో నా జాగా కావాలన్నారు. ఇల్లు కట్టుకుందామని అట్టిపెట్టుకున్నది. డబ్బు అడగలేదు. కుర్రాడి పాదాలు నేను చెప్పినట్టుండాలి, అంతే అన్నాను.

ఛైర్మన్ నా భుజం తట్టాడు. "నీ ఇష్టం తమ్ముడూ, పాదాలదేముంది!"

సంతకం పెట్టాను. కాగితంలో పాదాల ఊసే లేదు.

మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఉన్నవాళ్లకి గూడు లేదు గానీ, పోయినవాళ్లకి కాళ్లు చేయిస్తాడట మహానుభావుడు!"

కంచు పోసేముందు చేసుకునే మైనం బొమ్మకి పాదాలు నేనే పెంచాను. ఎడమ పాదం మీద నా వేలితో నొక్కి గుంట పెట్టాను. కంచులో అది చెక్కుచెదరకుండా దిగింది. ఆ రోజు ముద్ద తృప్తిగా తిన్నాను.

బొమ్మలు నిలబెట్టేటప్పుడు నన్ను పిలవలేదు. ప్రారంభం నాడు ముసుగు తీస్తే, నలుగురు దిమ్మె మీద నాజూకు వేళ్లతో సహా నిలబడి ఉన్నారు. కుర్రాడొక్కడే చీలమండల దాకా సిమెంటులో కూరుకుపోయి ఉన్నాడు.

"ఇదేంటండీ?" అని బొటనవేలుని నిలదీశాను.

"నేలలోంచి మొలిచినట్టు లేడూ? నీ పాదాలు కోసెయ్యలేదు కదయ్యా, సంతోషించు."

ఛైర్మన్ పకపకా నవ్వాడు. "మాట తప్పలేదు తమ్ముడూ. లోపలే ఉన్నాయి!"

ఆ తర్వాత ఇద్దరూ మైకు ముందు ఆకలి గురించి మాట్లాడారు, త్రేన్పులు ఆపుకుంటూ.

మర్నాడు ఉలీ సుత్తీ పట్టుకుని దిమ్మె ఎక్కాను. సిమెంటు పెచ్చు ఒకటి లేచిందో లేదో, కాపలావాడు ఈల ఊదాడు.

"దిగవయ్యా, నీ అబ్బ సొత్తా ఇది?"

నిజానికి మా అబ్బ సొత్తే. మలుపు దగ్గర, రోడ్డువారన, పదకొండు సెంట్లు.