సూది ఉన్నంతవరకే జబ్బు

ఆ ఇంట్లో జబ్బులకు అంతస్తులు ఏర్పరచింది పెద్దకోడలే. మాత్రలు వేసుకునేవాళ్లు వంట చేయవచ్చు. ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లు కూర్చుని కూరలు తరిగితే చాలు. సెలైన్ ఎక్కుతున్నవాళ్లే అసలైన రోగులు, వాళ్లను మంచం దిగనివ్వకూడదు. డిగ్రీ చదివిన బుర్రతో బాగా ఆలోచించి చేసిన ఈ చట్టం ఎక్కువగా తోడికోడలి మీదే అమలయ్యేది. ఆమెకు జ్వరం వచ్చినా, నడుం పట్టేసినా "మాత్రలేగా" అన్న ఒక్క మాటతో పొయ్యి దగ్గర నిలబెట్టేసేది.

అటువంటి పెద్దకోడలే మోకాళ్ల నొప్పులకని పరగడుపున నొప్పి మాత్రలు మింగీ మింగీ కడుపులో పుండు తెచ్చుకుంది. ఒక పొద్దున సింకు దగ్గరే రక్తం కక్కుకుని కూలబడింది. ఆస్పత్రిలో నోట్లోంచి గొట్టం పంపి రక్తం కారుతున్న చోటును మూసేశారు. కడుపులో ఆమ్లం ఊరకుండా చేసే మందును సెలైన్‌తోపాటు సూదితో చేతికి ఎక్కించారు. ఇక చూడాలి ఆ వైభోగం. భర్త దిండు సర్దాడు. తోడికోడలు జడ వేసింది. పుండు ఇంత మర్యాద తెస్తుందని తెలిస్తే ముందే తెచ్చుకునేదాన్ని కదా అని కూడా పెద్దకోడలు అనుకుంది.

మూడోనాడు డాక్టరమ్మ వచ్చి, ఇకనుంచి అదే మందు మాత్రగా ఇస్తానని చెప్పింది. పెద్దకోడలికి తన చట్టమే గుర్తొచ్చింది. సెలైన్ స్టాండు పోతే తానూ మాత్రల అంతస్తుకు దిగిపోతుంది, ఇంటికి వెళ్లీ వెళ్లగానే పొయ్యి ముందు తేలుతుంది. అందుకని, పుండుపడ్డ కడుపులోకి మాత్ర పంపడం ప్రమాదం కాదా అని పెద్ద తెలిసినదానిలా అడ్డు తగిలింది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆ మాత్ర కడుపులో కరగదు, దాటివెళ్లి పేగులో కరుగుతుంది. రక్తంలో కలిసి, ఆమ్లం తయారయ్యే చోటికే వెనక్కి వస్తుంది. సూదిమందు చేరేదీ అక్కడికే. ఇలా గొట్టంతో రక్తం ఆపినవాళ్లలో రెండు పద్ధతులనూ పోల్చి చూశారట. మళ్లీ రక్తం పడటంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదట.

"ఆ పోల్చినవాళ్లు మా ఇంటికొచ్చి చూడలేదు కదండీ," అంది పెద్దకోడలు. తర్వాత గొంతు తగ్గించి, "మందు మాత్రే ఇవ్వండి. సూది మాత్రం ఉంచెయ్యండి. వట్టి నీళ్లెక్కించినా చాలు," అని బతిమాలింది.

"అక్కర్లేని సూది ఉంచితే చెయ్యి వాస్తుందండీ. మీకు కావాల్సింది విశ్రాంతి. అది నన్ను కాదు, మీవాళ్లని అడగండి," అని డాక్టరమ్మ సూది పీకి దూది అంటించింది.

సాయంత్రం భర్తా, తోడికోడలూ వచ్చారు. ఇద్దరి చూపూ ముందు ఆమె చేతి మీదే పడింది. గండం గడిచిందని భర్త మొహం విప్పారింది. తోడికోడలు మాత్రం నెమ్మదిగా అడిగింది.

"మాత్రలేనా అక్కా?"

"మాత్రలే," అంది పెద్దకోడలు. దుప్పటి అంచు నలుపుతూ ఇంకో మాట కూడగట్టుకుంది. రక్తం కక్కుకున్నప్పుడు కూడా ఇంత కష్టపడలేదు. "కానీ నాకు ఓపిక లేదే. కొన్నాళ్లు వంటింట్లోకి రాలేను."

"రావద్దులెండక్కా. మీరు లేకపోతే వంట తొందరగా అయిపోతోంది."

భర్త కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. పెద్దకోడలు రాత్రి వేసుకోవాల్సిన మాత్ర అందుకుంది. అది చిన్నదే. గొంతు దిగడానికి మాత్రం నిండు గ్లాసు నీళ్లు సరిపోలేదు.