కోటగోడ ఊరూ, మెట్ల వంతూ

సోమవారం పొద్దున బ్రెడ్డు తేవడానికని తలుపు తీసిన అన్నెరోజ గుమ్మంలోనే ఆగిపోయింది. తలుపు పిడికి చెక్క బోర్డు వేలాడుతోంది. దాని మీద పొడుగు చీపురు బొమ్మ, కింద "ఈ వారం వంతు మీది" అన్న నాలుగు మాటలు.

"ఎర్విన్! ఇది మనింటికి వచ్చిందేంటి?"

"ఏది, పోలీసా?" అంటూ ఆమె భర్త కాఫీ కప్పుతో సహా వచ్చాడు. బోర్డు చూశాడు. "అంతకంటే పెద్దదే," అన్నాడు.

ఆ ఇంట్లో మూడు వాటాలు. శనివారం మెట్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టడం, వీధివైపు కాలిబాట ఊడవడం వారానికొక వాటా వంతు. అన్నెరోజ లెక్కన ఈ వారం మధ్య అంతస్తు కుర్రజంటది. ఆ లెక్క చూసుకునే ఆమె స్నేహితురాలి ఊరు రోటెన్‌బుర్గ్‌కి ప్రయాణం ఈ శనివారానికి పెట్టుకుంది. కుర్రజంట నెల మొదట్లోనే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు వాళ్ల వంతు కూడా వాళ్లతోనే పోయిందన్న సంగతి అన్నెరోజకి తట్టనే లేదు. రైళ్లు ఎక్కడ మారాలో, ఏ పెట్టెలో ఎక్కితే మెట్లదగ్గర దిగుతామో అన్నీ ఆలోచించిన మనిషికి ఇంటి మెట్లు గుర్తు రాలేదు.

"శుక్రవారమే ఊడ్చెయ్. పోయేదేముంది?" అన్నాడు ఎర్విన్.

"శుక్రవారం ఊడిస్తే శనివారం ఊడ్చినట్టా? ఎదురుగా లిండెన్ చెట్టు ఆకులు ఎలా రాలుస్తోందో చూడు. శనివారం మధ్యాహ్నానికి కాలిబాట కనబడదు. వీధి వీధంతా మన గుమ్మంకేసి చూస్తుంది."

"చూడనీ. మనం ఇక్కడ ఉండం కదా, ఎవర్ని చూస్తారు?"

అన్నెరోజ అతని వైపు చూసిన చూపుకి ఎర్విన్ కప్పు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "రోటెన్‌బుర్గ్ చుట్టూ ఒక గోడే ఉందంటారు. నీ చుట్టూ ఎన్ని ఉన్నాయో," అన్నాడు.

ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది. లోరె కూడా ఇంచుమించు ఇలాగే అంటూ ఉంటుంది.

లోరె, అన్నెరోజ కుట్టుపని నేర్చుకునే రోజుల నుంచీ స్నేహితులు. లోరె పెళ్లి చేసుకుని రోటెన్‌బుర్గ్ వెళ్లింది. ఆమె కాపురం చేసిన ఇంటికి వెనక గోడ వేరే లేదు. ఊరి కోటగోడే ఆ ఇంటి గోడ. గోడ మీద నడిచే వాళ్ల అడుగుల చప్పుడు కింద వంటింట్లోకి వినబడుతుంది. "నా నెత్తిన ప్రపంచమంతా నడుస్తుందే, నువ్వు తప్ప," అని లోరె ఎత్తిపొడుపు. ఒక రాత్రి ఆ ఇంట్లో పడుకుని, పొద్దున్నే చూసేవాళ్లు ఎవరూ రాకముందే ఇద్దరూ కలిసి గోడ చుట్టూ నడవాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నారు. ఒక ఏడు ఎర్విన్ మోకాలు. ఒక ఏడు రంగులు వేసేవాళ్లు వచ్చారు. మిగిలిన ఏళ్లు ఎందుకు కుదరలేదో చెప్పమంటే అన్నెరోజకి గుర్తులేదు. ఏదో ఒక వారం వంతు ఉండే ఉంటుంది.

ఇప్పుడు లోరె ఆ ఇంటి నిలువు మెట్లు ఎక్కలేకపోతోంది. గోడ బయట లిఫ్టు ఉన్న ఇల్లు చూసుకుంది. వచ్చే సోమవారం పాత ఇంటి తాళాలు ఇచ్చేస్తుంది.

ఆ సాయంత్రం అన్నెరోజ ఫోన్ చేసి బోర్డు సంగతి నసుగుతూ చెప్పింది.

"లోరె? ఉన్నావా?"

"ఉన్నాను. నవ్వాలో ఏడవాలో చూసుకుంటున్నా. ఏమే, ఎప్పుడో స్వీడన్ సైన్యం ముట్టడికి వచ్చినప్పుడు కూడా ఈ ఊరు చేరడానికి ఇన్ని ఆటంకాలు లేవే. వాళ్లైనా వచ్చారు."

"నేను రానన్నానా?"

"రాననవు. నువ్వెప్పుడూ రాననలేదు. అదేగా బాధ." లోరె గొంతులో నవ్వు తగ్గింది. "చూడు, ఈ గోడ కొన్ని వందల ఏళ్లుగా ఇక్కడే ఉంది, ఇంకా ఉంటుంది. దానికి తొందరేమీ లేదు. నాకే సోమవారం దాకా గడువు. మంచాలు రెండు ఉంచాను, మిగతావి దాదాపు అన్నీ పంపించేశాను. వస్తే ఆ మంచాల మీద మనిద్దరం పడుకుంటాం. రాకపోతే అవీ పంపిస్తాను."

ఫోన్ పెట్టాక అన్నెరోజ చాలాసేపు కిటికీ దగ్గర నిలబడింది. వారం మార్చుకోవడమొక్కటే దారి. మార్చుకోవడానికి ఇంట్లో మిగిలింది ఒక్కరే. పై అంతస్తు ఆవిడ, ఒకప్పుడు పోస్టాఫీసులో పనిచేసిన హేగెలెగారు.

హేగెలెగారిని అడగడం కంటే కాలిబాట మీద లిండెన్ చెట్టు కొట్టేయడం సులువు. అందుకు కారణం ఉంది. రెండేళ్ల కిందట ఒక శనివారం, హేగెలెగారు మెట్లు ఊడ్చి పైకి వెళ్లిన కాసేపటికి అన్నెరోజ బజారు నుంచి వచ్చింది. కింది మెట్టు మూలలో చిటికెడు మట్టి కనబడింది. ఆమె చేతులు ఆమె మాట వినలేదు. తన చీపురు తెచ్చి ఆ మూల ఊడ్చింది. ఎలాగూ చీపురు చేతిలో ఉంది కదా అని పక్క మెట్టూ, దాని పై మెట్టూ ఊడ్చింది. తలెత్తేసరికి చెత్తబుట్టతో హేగెలెగారు ఎదురుగా నిలబడి ఉంది. "ఓహో," అని, వచ్చిన దారినే పైకి వెళ్లిపోయింది. అంతే. ఒకరు ఊడ్చిన మెట్లు మరొకరు ఊడవడం కన్నా చెంప మీద కొట్టడం మర్యాద. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా నమస్కారాలు తప్ప మాటల్లేవు. వంతు బోర్డు కూడా హేగెలెగారు తలుపు తట్టి ఇవ్వదు. ఎవరూ చూడని వేళ తగిలించి వెళ్తుంది.

మంగళవారం అన్నెరోజ రేగుపండంత గుండెతో పైకి బయల్దేరింది. చేతిలో ప్లమ్ పళ్ల కేకు, చంకలో వంతు బోర్డు.

"లంచమా?" అన్నాడు ఎర్విన్.

"పొరుగువాళ్లకి ఇచ్చేదాన్ని లంచమంటారా?"

"రెండేళ్ల తర్వాత ఇస్తే అంటారు."

తలుపు తెరిచిన హేగెలెగారు పొడుగ్గా, నిటారుగా, పోస్టాఫీసు కిటికీలో కూర్చున్నప్పటి ముఖంతోనే ఉంది. ముందు కేకు చూసింది. తర్వాత అన్నెరోజ చెప్పులు చూసింది.

"లోపలికి రండి. చెప్పులు తుడవక్కర్లేదు. మెట్లు శనివారమే ఊడ్చాను. మీ లెక్కకి సరిపోయాయో లేదో మరి."

అన్నెరోజ చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ అంచున కూర్చుని సంగతంతా ఏకబిగిన చెప్పేసింది. లోరె, ఆమె ఇల్లు, తాళాలు, రెండు మంచాలు. హేగెలెగారు అడ్డు రాకుండా విన్నది.

"అంటే ఈ వారం నేను ఊడవాలి, వచ్చే వారం మీరు."

"మీకు ఇబ్బంది లేకపోతేనే..."

"నాకేం ఇబ్బంది? ఇబ్బంది మీకేమో అని. నా చేత్తో ఊడ్చింది మీ కంటికి ఆనుతుందా?"

అన్నెరోజ కేకు వైపు చూస్తూ, "ఆ రోజు నేను చేసింది తప్పు," అంది.

"తప్పేముంది? మట్టి ఉంది, ఊడ్చారు." హేగెలెగారు కత్తి తెచ్చి కేకు కోసింది. ఒక ముక్క అన్నెరోజకి పెట్టి, ఒకటి తను తీసుకుంది. నమిలి మింగింది. "బాగుంది. పంచదార కొంచెం తక్కువైంది. సరే, ఊడుస్తాను. ఒక్క షరతు."

"చెప్పండి."

"ఆదివారం మీరు తిరిగొచ్చాక మెట్ల మీద ఏం కనబడ్డా చీపురు పట్టకూడదు. చేత్తో కూడా తీయకూడదు. మీ వంతు మొదలయ్యేదాకా అవి నా మెట్లు."

"ఏం కనబడుతుందండీ?"

"ఏమీ కనబడదు. ఊడ్చేది నేనేగా."

"మరి నేను మాట తప్పితే?"

"నేనేమీ అనను. ఎప్పుడైనా ఏమన్నా అన్నానా మిమ్మల్ని?"

అన్నెరోజకి అసలు భయం అదే.

శనివారం తెల్లవారుతూనే బయల్దేరారు. వీధి మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి తిరిగి కాలిబాట చూస్తూనే ఉంది. "ఎనిమిది ఆకులు," అంది. "తొమ్మిది," అన్నాడు ఎర్విన్, "ఒకటి నా టోపీ మీద ఉంది." రైల్లో వెన్న రాసిన ప్రెట్జెల్ రొట్టెలు తింటున్నప్పుడు కూడా ఆమె ఒళ్లో రాలిన తునకలు ఏరుకుంటూనే ఉంది. స్టైనాఖ్‌లో దిగి చిన్న రైలు ఎక్కాక మాత్రం ఏరడం మానేసింది. కిటికీలోంచి బురుజులు కనబడ్డాయి.

లోరె గుమ్మంలోనే ఆమెని పట్టుకుని ఊపేసింది. "వచ్చింది! ఎర్విన్, నిజంగా ఇదేనా, దీని చెల్లెలా?" ఇల్లంతా ఖాళీ. రెండు మంచాలు, ఒక బల్ల, మూడు కుర్చీలు. ఒక మూల చీపురు. అన్నెరోజ కళ్లు అటు వెళ్లడం లోరె చూసింది. "దాన్ని ముట్టుకున్నావో, గోడ మీంచి తోసేస్తాను." ఆ రాత్రి ఇద్దరూ దీపం ఆర్పేసి పక్కపక్క మంచాల మీద కబుర్లు చెప్పుకున్నారు. ఎర్విన్ వంటింట్లో పరుపు పరుచుకుని, "పడుకోండే పిల్లలూ," అని రెండుసార్లు అరిచాడు.

పొద్దున్నే గోడ మీద ఎవరూ లేరు. పైన పెంకుల కప్పు, పక్కన చెక్క కటకటాలు, కింద ఇళ్ల పెరళ్లు. లోరె ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటూ నడిచింది. అన్నెరోజ ఆమె చెయ్యి పట్టుకుంది. తల వంచమని చెప్పినప్పుడల్లా ఎర్విన్ ఎత్తి చూశాడు, మూడు దూలాలు తగిలాయి. తన ఇంటి పైకి వచ్చాక లోరె ఆగి, కాలితో పలకల మీద గట్టిగా రెండు దెబ్బలు వేసింది.

"ఇన్నాళ్లూ కింద నుంచి విన్నాను. నువ్వు కూడా కొట్టు."

అన్నెరోజ కొట్టింది. కింద ఖాళీ వంటింట్లో ఎవరూ లేరు వినడానికి. అయినా ఇద్దరూ కాసేపు చెవులు రిక్కించి నిలబడ్డారు.

ఆదివారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కాలిబాట అద్దంలా ఉంది. అన్నెరోజకి ప్రాణం లేచి వచ్చింది. వీధి తలుపు తోసి లోపలికి అడుగు పెట్టింది. కింది మెట్టు మూలలో, సరిగ్గా అదే మూలలో, లిండెన్ ఆకు ఒకటి ఉంది. పసుపు పచ్చనిది. గాలికి కొట్టుకొచ్చిన ఆకు అంత తిన్నగా పడుకోదు.

ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. ఎర్విన్ పెట్టె కింద పెట్టి, గోడకి ఆనుకుని తీరిగ్గా చూస్తున్నాడు.

"ఏంటలా చూస్తావ్?"

"ఏం లేదు. టికెట్ లేకుండా చూసే అవకాశం వచ్చింది, వదులుకోవడమెందుకని."

అన్నెరోజ ఆకు వైపు వంగింది. లేచింది. కోటు గుండీలు సవరించుకుంది. చేతులు వెనక్కి కట్టుకుని, ఆకు మీదుగా కాలు చాచి దాటేసింది. సరిగ్గా అప్పుడే పైన తలుపు కిర్రుమంది. హేగెలెగారు ఒక్కో మెట్టూ దిగి వచ్చి, మూల వైపు చూసి, వంగి ఆకు తీసి జేబులో వేసుకుంది.

"ఊడ్చాక పెట్టాను," అంది. "మంచిది వెతకడానికి చాలాసేపు పట్టింది. మీ స్నేహితురాలు ఎలా ఉంది?"

"చాలా బాగుంది," అంటూ అన్నెరోజ చేతిసంచీ తెరిచింది. అందులోంచి ఒక పొట్లం తీసింది. రోటెన్‌బుర్గ్ మంచుబంతి, నూనెలో వేయించి పైన పొడి పంచదార ఒత్తుగా అద్దిన పిండివంట. "ఇది మీకు."

హేగెలెగారు అక్కడే, మెట్టు మీదే పొట్లం విప్పింది. రెండు చేతులతో విరిచింది. ఆ బంతి విరగడమంటే పగలడమే. పెచ్చులు మెట్టు మీంచి కిందకి దొర్లాయి. పంచదార కమ్మీల మీదా, చాప మీదా, ఆవిడ చెప్పుల మీదా పడింది. పెద్ద ముక్క అన్నెరోజ చేతిలో పెట్టింది.

"అయ్యో, మెట్లు..." అంది అన్నెరోజ.

హేగెలెగారు రెండో చేత్తో నడుము వెనక దోపుకున్న చెక్క బోర్డు తీసింది. అన్నెరోజ తలుపు పిడికి, ఆమె చూస్తుండగానే, తిన్నగా తగిలించింది.

"తినండి, తినండి," అంది, ఇంకో ముక్క విరుస్తూ. "రేపటి నుంచి వంతు మీదేగా."