తోడల్లుడి సీసా

పెద్దల్లుడికి పాత వైన్ల పిచ్చి. ఏళ్ళ తరబడి వేలంపాటల చుట్టూ తిరిగినా దొరకని సీసా ఒకటి తోడల్లుడి చేతికి చిక్కిందని తెలిసి, కడుపు మండుతున్నా నవ్వు పులుముకుని చూడ్డానికి వెళ్ళాడు.

"అసలుదేనా చూసి చెప్పండి అన్నయ్యా. మీకు తెలిసినంత నాకేం తెలుసు?" అంటూ తోడల్లుడు సీసాను పసిబిడ్డలా అందించాడు.

పెద్దల్లుడు దాన్ని దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. రంగు వెలిసిన లేబులు, చెక్కుచెదరని మైనం ముద్ర, అడుగున పేరుకున్న మడ్డి. సందేహం లేదు, అసలుదే.

"నకిలీది తమ్ముడూ. నిన్నెవరో ముంచేశారు," అన్నాడు.

తోడల్లుడి ముఖం వాడిపోయింది. అది చూశాక పెద్దల్లుడి ప్రాణం కాస్త కుదుటపడింది.

ఇంతలో మరదలు సీసా లాక్కుంది. "నకిలీదాన్ని దాచుకుని ఏం చేస్తాం బావగారూ? భోజనాల్లో తాగేద్దాం," అంటూ బిరడా లాగేసింది. వద్దంటే అబద్ధం బయటపడుతుంది. పెద్దల్లుడు గ్లాసు అందుకున్నాడు.

భోజనానికి వచ్చిన మామగారు తన గ్లాసులోని వైన్‌లో సోడా కలుపుకున్నారు. పెద్దల్లుడు ఒక గుక్క తాగాడు. అంతటి రుచి అతను జన్మలో ఎరగడు.

"ఎలా ఉంది అన్నయ్యా?" అని తోడల్లుడు దిగులుగా అడిగాడు.

"పర్వాలేదు," అన్నాడు పెద్దల్లుడు, తల ఎత్తకుండా.