సుబ్బాయమ్మ పొడిగుడ్డ

మొక్కలు తీసుకెళ్ళే ఒరిస్సా లారీ సాయంత్రం వస్తుంది. ఈలోగా దుర్గాశ్రీ చెయ్యవలసిన పనులు ఇవి. మామిడి అంట్ల మట్టిగడ్డలు చెదరకుండా గోనెపట్టా చుట్టించాలి. మందారాలకు రంగు పేర్లు రాసిన చీటీలు కట్టించాలి. కొత్త డాబా దగ్గరికి వెళ్ళి తాపీమేస్త్రి సత్తియ్యకు ఇంకేం కావాలో కనుక్కోవాలి. డ్రైవరుకు భోజనం చెప్పాలి. గోడవార మడిలో చచ్చిపోయిన మొక్కలు పీకించెయ్యాలి. చివరగా, రేపటినుంచి పనిలోకి రావద్దని సుబ్బాయమ్మకు చెప్పాలి.

మిగతావన్నీ చేతులతో అయిపోయే పనులు. ఈ ఒక్కదానికి నోరు పెగలాలి.

దుర్గాశ్రీ కడియంలో పల్లంరాజు గారి నర్సరీకి సూపర్‌వైజరు. వాళ్ళ వంశంలో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. వాళ్ళ నాన్న ఇదే నర్సరీలో ఎర్రమట్టి మోసి, ఆమెను రాజమండ్రి కాలేజీలో బియస్సీ చదివించాడు. సుబ్బాయమ్మ రక్తసంబంధమేమీ కాదు. అయినా ఊహ తెలిసినప్పటినుంచీ దుర్గాశ్రీకి ఆమె పెద్దమ్మే.

సుబ్బాయమ్మ చెయ్యి మంచిదని చుట్టుపక్కల పేరు. కొత్త తోట వేసేవాళ్ళు రిక్షా పంపించి మరీ ఆమెను పిలిపించుకుని, మొదటి మొక్క ఆమె చేత పాతించుకునేవారు. ఆ చెయ్యే ఇప్పుడు పాడైపోయిందని అంటున్నారు.

ఒరిస్సాను తుపాను ముంచేసిన ఆ ఏడాదే, వానలు వెనకపట్టాక, నర్సరీ ప్రహరీ అవతల సిమెంటు మిల్లు మొదలైంది. సున్నపురాయిని ఎక్కడో కొలిమిలో కాల్చి తీసిన నల్లటి ఉండలు రైలు వ్యాగన్లలో వచ్చేవి. వాటిని ఇక్కడ పిండి చేసి బస్తాలకు ఎత్తేవారు. గాలి ఇటు తిరిగిందంటే బూడిదరంగు దుమ్ము గోడ దాటి వచ్చి వాలేది. గోడను ఆనుకుని రెండే మడులు. ఒకటి సుబ్బాయమ్మ చూసేది, రెండోది బేబి అనే మరో కూలి చూసేది. రెండింట్లోనూ ఒకే కొమ్మనుంచి కట్టిన మామిడి అంట్లు. దుమ్ము రెండింటిమీదా సమంగానే పడింది. చచ్చిపోతున్నవి మాత్రం సుబ్బాయమ్మ మొక్కలు.

"దుమ్ము వల్లేమోనండి," అంది దుర్గాశ్రీ పొద్దున్న పల్లంరాజు గారితో.

"దుమ్మయితే బేబి మడి ఎందుకు బాగుందమ్మా? అది ఒళ్ళొంచి పనిచేసే మనిషి కూడా కాదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఆవిడంటే నాకేమన్నా కోపమా? పోయిన లారీలో ఆ మడి అంట్లు ఒరిస్సావాళ్ళు కిందకి దింపనే లేదు. చెట్లన్నీ పోయి ఏడుస్తున్నవాళ్ళకి చచ్చిన మొక్కలు పంపిస్తామా? నువ్వే మెల్లిగా చెప్పు. నీ మాటైతే వింటుంది."

దుర్గాశ్రీ సరేనని గోడవైపు నడిచింది. కానీ ఆయన వేసిన ప్రశ్న మాత్రం కాలిలో ముల్లులా ఉండిపోయింది. బేబి మడి ఎందుకు బాగుంది?

ఆమె గోడ దగ్గరికి వెళ్ళేసరికి సుబ్బాయమ్మ పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి అంట్లకు తలమీంచి జల్లు కొడుతోంది. కడియంలో పాతకాలపు వాళ్ళందరిదీ అదే పద్ధతి. మొక్కకు తలంటు పోస్తేనే కళ అనేవారు. పక్క మడిలో బేబి పైపును నేలమీద పడేసి, కాలవలో నీళ్ళు పారుతుంటే, గట్టుమీద కూర్చుని జడ వేసుకుంటోంది.

"ఏంటత్తా, పొద్దున్నోసారి, మాపటోసారి. మొక్కలకి జలుబు చేసుద్దే!" అంది బేబి.

"నీలాగా ఆటి మొహం మీద మట్టి ఉంచేసి కూకోనా? దుమ్ము పడితే కడగొద్దా? నీ మొహం నువ్వు కడుక్కోవా?" అని సుబ్బాయమ్మ ఇటు తిరిగింది. "చూడవే దుర్గమ్మా, రోజూ రెండు పూటలా కడుగుతున్నాను. అయినా నన్నొదిలేసి పోతన్నాయి. నా చేతికేదో అయ్యిందే."

తడిసిన ఆ అరచేతిని చూపించింది. దుర్గాశ్రీ "సత్తియ్య గారు పిలిచారు పెద్దమ్మా, ఇప్పుడే వస్తాను," అని డాబావైపు నడిచింది.

పల్లంరాజు గారు కట్టుకుంటున్న డాబాకు స్లాబు పోసి కొద్దిరోజులే అయింది. సిమెంటు ఆ గోడ అవతలి మిల్లుదే. సత్తియ్య స్లాబు మీద మట్టితో చిన్నచిన్న గట్లు కట్టి నీళ్ళు నిలబెడుతున్నాడు.

"నాకేం అక్కర్లేదండి. సుబ్బాయమ్మ గారినొకసారి పంపండి చాలు," అన్నాడు. "నీళ్ళు పొయ్యటంలో ఆవిణ్ణి మించినోళ్ళు లేరు. మా కుర్రోళ్ళు చిలకరించి పారిపోతారు. సిమెంటుకి నీళ్ళే కదండీ తిండి. ఎంత తడిపితే అంత బిగుసుకుంటది."

"అది అందరికీ తెలిసిందేగా సత్తియ్య గారూ," అంటూ మెట్లు దిగబోయి, దుర్గాశ్రీ సగంలో ఆగిపోయింది.

అందరికీ తెలుసు. ఆమెకు తెలుసు, పల్లంరాజు గారికి తెలుసు, సుబ్బాయమ్మకు కూడా తెలుసు. కానీ డాబా మీదుంటే సిమెంటు, ఆకు మీదుంటే దుమ్ము. ఎవరూ ఆ రెంటినీ ఒకటిగా అనుకోలేదు.

పరుగున మడికి వచ్చి సుబ్బాయమ్మ అంటునుంచి ఒక ఆకు తుంచింది. గోటితో గీకింది. సున్నం పెచ్చులాంటి పొర లేచి వచ్చింది. దాని కింద ఆకు పాలిపోయి, కట్టు విప్పిన గాయం చుట్టూ ఉండే చర్మంలా ఉంది. బేబి మడిలో ఒక ఆకు పట్టుకుని విదిలించింది. దుమ్ము రాలిపోయి, కింద పచ్చగా నవనవలాడుతోంది. ఆకులకు ఊపిరి పీల్చే సన్నటి రంధ్రాలుంటాయని పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకుంది తను. ఆ రంధ్రాలను నీళ్ళుపోసి మరీ పూడ్చేస్తుంటే ఇన్నాళ్ళూ చూస్తూ నిలబడింది.

అయినా తొందరపడదలుచుకోలేదు. బేబి మడిలోంచి దుమ్ముపట్టిన ఆకులు కోసుకొచ్చింది. సగం ఆకుల్ని పొడిగుడ్డతో తుడిచింది. మిగతా సగం మీద నీళ్ళు చిలకరించి, పక్కపక్కనే చెక్క మీద పెట్టింది. తర్వాత గోనెపట్టాలు చుట్టించే పనిలో పడింది గానీ, మధ్యమధ్యలో వెళ్ళి ఆ చెక్కను చూస్తూనే ఉంది.

"ఏంటే ఆ ఆకులు? విస్తరి కుడతావా?" అని సుబ్బాయమ్మ అడిగింది.

"సాయంత్రం చెప్తాను పెద్దమ్మా."

లారీ వచ్చేవేళకు తడిపిన ఆకులు అప్పడాల్లా బిగుసుకున్నాయి. తుడిచినవి మెత్తగా, పచ్చగానే ఉన్నాయి. దుర్గాశ్రీ చెక్కను అలాగే మోసుకెళ్ళి పల్లంరాజు గారి ముందు పెట్టింది. ఆయన ఒక ఆకు తీసి గీకాడు. మరొకటి తీసి గీకాడు.

"అంటే, ఇన్నాళ్ళూ మొక్కలకి మనమే ప్లాస్టరింగు చేసుకున్నామంటావా?"

"అవునండి. బేబి నీళ్ళు వేళ్ళకే పెడుతుంది. అందుకే అవి బతికాయి."

"నే చెప్పలా? బద్ధకం మంచిదే!" అంది వెనకనుంచి బేబి. అందరూ నవ్వారు. పల్లంరాజు గారు కూడా నవ్వి, "సుబ్బాయమ్మ గారూ, మీ చేతికేం కాలేదండి. మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు," అన్నాడు.

సుబ్బాయమ్మ నవ్వలేదు. తనను పొమ్మనబోయారన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. ఆమె దుర్గాశ్రీ వైపు తిరిగింది.

"అయితే నా చెయ్యి మంచిదేనంటావు. నా నీళ్ళే చంపేసినయ్యి."

"నీకేం తెలుసు పెద్దమ్మా?"

"తెలీదు. తెలీకపోతే మాత్రం, పోసింది నేనే కదే."



మర్నాడు తెల్లారేసరికి సుబ్బాయమ్మ మడిలో ఉంది. పాత చీర చింపి గుడ్డలు చేసుకుని, చంటిపిల్ల చెవి తుడిచినట్టు ఒక్కొక్క ఆకునూ పొడిగా తుడుస్తోంది. ఆ తర్వాతే నీళ్ళు, అదీ వేళ్ళకే. కొన్నాళ్ళకు చచ్చాయనుకున్న అంట్లలో చాలావాటికి రాగిరంగు చిగుళ్ళు తొడిగాయి. ఎండలు ముదరకముందే వెళ్ళిన లారీలో ఆ మడి అంట్లు కూడా వెళ్ళాయి. ఒరిస్సా వాళ్ళు అన్నీ దింపుకున్నారు. గోడవెంట ఉన్న ఇతర నర్సరీల ఆడవాళ్ళు కూడా వచ్చి చూసి, పొడిగుడ్డ పద్ధతి పట్టుకెళ్ళారు.

కథ ఇక్కడితో అయిపోయి ఉండేదే. కానీ దుర్గాశ్రీకి ఒకసారి ప్రశ్న పట్టుకుంటే వదలదు. ఒకరోజు సుబ్బాయమ్మ తుడుస్తుంటే చూస్తూ ఉంది. ఆకు పచ్చబడుతోంది. సుబ్బాయమ్మ కనుబొమలు తెల్లబడుతున్నాయి. చీరకొంగు బూడిదరంగుకు తిరిగింది. రెండాకులకోసారి దగ్గు.

"పెద్దమ్మా, ఈ దుమ్మంతా ఎక్కడికి పోతోంది?"

"ఎక్కడికి పోతే ఏంటే! ఆకుమీంచి పోయింది కదా."

దుర్గాశ్రీ ఆ మధ్యాహ్నమే పల్లంరాజు గారిని వెంటబెట్టుకుని మిల్లుకు వెళ్ళింది. మేనేజరు మర్యాదస్తుడే, కుర్చీలు వేయించాడు. దుమ్ము పట్టే సంచులు చిరిగిపోయాయనీ, కొత్తవి పైనుంచి రావాలనీ, ఈలోగా మిల్లు ఆపడం తన చేతిలో లేదనీ చెప్పాడు. "అయినా సిమెంటు లేకుండా ఎవరికి గడుస్తుందండీ? మీ డాబా సిమెంటు కూడా మాదేగా!"

పల్లంరాజు గారు తల దించుకున్నాడు. దుర్గాశ్రీ సంచీలోంచి ఒక గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది. పెట్టగానే టక్కుమని చప్పుడైంది. సుబ్బాయమ్మ ముందురోజు ఉతికి ఆరేసిన గుడ్డ అది. ఆరి పలకలా బిగుసుకుపోయింది.

"మీ సిమెంటు వద్దనడం లేదండి. ఆకులు తుడిచిన గుడ్డ ఇది, ఒక్కసారి తడిస్తే ఇలా అయింది. తుడిచే మనిషి ఊపిరితిత్తుల్లో కూడా తడే ఉంటుంది కదండీ. అక్కడ ఏమవుతోందో నాకు తెలీదు. మీకేమన్నా తెలుసేమోనని అడగడానికి వచ్చాను."

ఆమె నిజంగానే అడిగింది. ఎత్తిపొడుపు కాదు. అందుకేనేమో మేనేజరు ఆ గుడ్డను వేలితో తట్టి చూశాడు. ఆ గుడ్డను అక్కడే ఉంచమన్నాడు. వానలకు ముందు కొత్త సంచులు వచ్చాయి. దుమ్ము పూర్తిగా ఆగలేదు గానీ, ఆకులు తుడవవలసిన అవసరం తప్పింది.

సుబ్బాయమ్మ దగ్గు మాత్రం తగ్గలేదు. కాకినాడ పెద్దాసుపత్రిలో చూపించినా, అది సిమెంటు వల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. అయినా ఊళ్ళోవాళ్ళు మళ్ళీ రిక్షా పంపించేవారు. వెళ్ళేది, దగ్గు ఆపుకుని మొదటి మొక్క పాతేది. నీళ్ళు మాత్రం దుర్గాశ్రీ చేత పోయించేది. కొన్నేళ్ళకు ఒక చలికాలంలో ఆ దగ్గుతోనే పోయింది.

మీ ఇంటిముందు కడియం నుంచి వచ్చిన మొక్క ఏదైనా ఉంటే, నీళ్ళు పోసేముందు ఒక ఆకును పొడిచేత్తో ఒకసారి తుడవండి. వేలికి ఏమి అంటుకుందో చూడండి. అలా చూసినప్పుడు, తన ఊపిరి సంగతి మరిచి మొక్కకు ఊపిరాడేలా చేసిన సుబ్బాయమ్మను ఒక్కసారి తలుచుకోండి.