ఎర్ర ట్యాగు కట్టిన పియానో

మా కాలేజీ సంగీత విభాగంలో ఉన్న ఒక్కగానొక్క పియానోకి మధ్యలో మూడు మీటలు నొక్కితే దిగిపోతాయి, మళ్లీ పైకి రావు. గోడ అవతల ప్రిన్సిపల్ గది కూలర్. దాని నీళ్లు గోడ వెంట దిగి పియానోలోకి పోతున్నాయి. అక్కడ పియానో నేర్పేది నేనే కాబట్టి, ఇదంతా పోయిన వేసవిలోనే మెయింటెనెన్సుకు చెప్పాను.

పియానో చెక్కది కదా అని మెయింటెనెన్సు వాళ్లు వడ్రంగిని పంపారు. అతను మూతకు పాలిష్ పెట్టి పోయాడు. ‘పని పూర్తయింది’ అని నా ఫోనుకు మెసేజ్. మళ్లీ చెప్పాను. ఈసారి ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు ఎక్కడని వెతికాడు. మళ్లీ అదే మెసేజ్. నాకు ఒళ్లు మండిపోయింది.

ఖుర్సీపార్ బస్తీ నుంచి వచ్చే నా స్టూడెంటు హేమమాలినికి వాయించుకోవడానికి ఈ పియానో తప్ప వేరే లేదు. మే నెలలో ప్రాక్టికల్ పరీక్ష. ఆ మూడు మీటలు పలకకపోతే పిల్లకు ఏడాది పోతుంది. ప్రిన్సిపల్ పార్థసారథి గారికి అదేం పట్టలేదు.

“రేపు నరసింగరావు గారు మన కాలేజీ చూడ్డానికి వస్తున్నారు. స్టీలు ప్లాంటులో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఆ అమ్మాయి కూర్చుని చేతులు ఆడిస్తే చాలు, పాట ఫోన్లో పెడదాం” అన్నాడు.

“పరీక్షలో కూడా ఫోనే పెడతారా?”

“అది అప్పుడు చూద్దాం లెండి.”

ఇంటికి వెళ్లి గిన్నెల మీద కోపం తీర్చుకుంటుంటే మా ఆయన త్రినాథరావు వంటింట్లోకి తొంగిచూశాడు.

“ఏటే, అలా రుసరుసలాడతన్నావు? మా ప్లాంటు మిల్లులో మిషను పాడైతే ఎర్ర ట్యాగు కట్టెస్తాం. కట్టినోడే ఇప్పాల. ఎంత పెద్ద సాబొచ్చినా ముట్టుకోడు.”

అతని సంచిలోంచి ఒక ట్యాగు తీసుకున్నాను. దాని మీద నా పేరు రాసి, మర్నాడు అందరికంటే ముందు వెళ్లి పియానో మూతకు కట్టాను.

ప్రిన్సిపల్ దాన్ని విప్పమన్నాడు. అటెండర్ అప్పలసూరి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. “మేడమ్ పేరుంది సార్. నాను ముట్టుకోను.”

ప్రిన్సిపల్ తనే చెయ్యి చాపాడు. ఆయనా ప్లాంటు క్వార్టర్లో పుట్టి పెరిగినవాడే. చెయ్యి దారిలోనే ఆగిపోయింది. చివరికి అతిథి కోసం తెచ్చిన శాలువా పియానో మీద కప్పాడు.

నరసింగరావు గారు రాగానే ప్రిన్సిపల్ జేబులో ఫోను నొక్కాడు. పియానో పాట మొదలైంది. హేమమాలిని మాత్రం శాలువా తీసి, మడతపెట్టి ప్రిన్సిపల్ చేతికిచ్చింది.

“ట్యాగ్ లగా హై సర్. ట్యాగు కట్టుంది, నేను ముట్టుకోను.”

మూసి ఉన్న పియానో. జేబులోంచి పాట. నరసింగరావు గారు ట్యాగు చూసి అక్కడే నిలబడిపోయారు.

“ఎవరిదీ ట్యాగు?”

“నాదండీ.”

“ఫాల్టేంటి?”

ఏడాదిగా ఒక్కరూ నన్ను ఆ మాట అడగలేదు. మీటల సంగతీ, కూలర్ సంగతీ అన్నీ చెప్పాను.

ఆయన ప్రిన్సిపల్ వైపు తిరిగారు. “ముందు ఆ ఫోను ఆపవయ్యా.”

ఆ వారమే రాయపూర్ నుంచి పియానో బాగుచేసే మనిషి వచ్చాడు. మీటలు లేచాయి. ట్యాగు నేనే విప్పాను. హేమమాలిని పరీక్షలో హాయిగా వాయించింది. ‘ప్రిన్సిపల్ చొరవతో పియానోకి మరమ్మతు’ అని పేపర్లో ఆయన ఫొటో వేశారు. కూలర్ మాత్రం అక్కడే ఉంది, నీళ్లు కారుతూనే ఉన్నాయి.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎర్ర ట్యాగు ఇప్పుడు ఆ కూలర్ స్విచ్చుకు కట్టి ఉంది, నా పేరుతో. విప్పమని ప్రిన్సిపల్ అందరినీ అడుగుతున్నాడు.