చదవకుండా లేచిన పెట్టె

పాల కంపెనీలో అందరూ ఆమెను కేబులమ్మ అంటారు. ఆ రోజు పొద్దున గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే పులిసిన వాసన ఆమె ముక్కుకి కొట్టింది. చలిగది పక్కనున్న కాలవలో నీళ్ళు తెల్లగా పోతున్నాయి. నీళ్ళు కావవి, పాలు. విరిగి, తరకలు తరకలుగా, నురగ కట్టి పోతున్నాయి.

అందరినీ క్యాంటీన్లోకి రమ్మన్నారని వాచ్‌మన్ చెప్పాడు. చెప్తూ ఆమె మొహంలోకి చూడలేదు. 

క్యాంటీన్లో మేనేజరు నిలబడి ఉన్నాడు. ప్యాకింగ్ వాళ్ళు, లారీల వాళ్ళు, ట్యాంకులు కడిగేవాళ్ళు గోడల వెంట గంబూట్లతో నిలబడ్డారు. మేనేజరు పక్కన కుర్చీలో బావగారు. బావగారంటే ఆమె భర్తకి అన్న. ఈ కంపెనీలో కంప్యూటర్ల కాంట్రాక్టు ఆయనది. కంప్యూటర్లని కలిపే వైర్లు, పెట్టెలు చూసుకునే ఈ పని ఆమెకి నేర్పిందీ, ఇక్కడ పెట్టిందీ ఆయనే.

జరిగింది మేనేజరు చెప్పాడు. తెల్లవారుజామున కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు అన్నీ ఒకసారి ఆరి వెలిగాయి. మిగతా చోట్ల అన్నీ మామూలుగా లేచాయి. చలిగది స్విచ్ పెట్టె మాత్రం ఖాళీ బుర్రతో లేచింది. ఏ వైరులో వచ్చిన సమాచారం ఏ గదికి పంపాలో ఆ పెట్టెకి ముందే చెప్పిపెట్టి ఉంటారు. చెప్పినవన్నీ అది మరిచిపోయింది. ట్యాంకు ఎంత వేడెక్కుతోందో చెప్పే లెక్క ఆఫీసు గదికి చేరలేదు. అక్కడి తెర మీద కరెంటు పోకముందు వచ్చిన అంకే పచ్చగా వెలుగుతూ కూర్చుంది. చలిగదిలో చలి మిషను కూడా మళ్ళీ లేవలేదు. ఎవరికీ తెలియలేదు. చలిగది ముసలాయన ట్యాంకు మీద చెయ్యి వేసి చూసేసరికే పాలు పోయాయి.

"మొన్న ఆ పెట్టె మీద పని చేసిందెవరు?" అన్నాడు మేనేజరు.

"నేనేనండీ. కొత్త థర్మామీటర్‌కి దారి పెట్టాను" అంది ఆమె.

బావగారు గొంతు సవరించుకున్నారు. "మా మరదలు పనిమంతురాలే సార్, కాదనను. కానీ పని చేశాక సేవ్ చెయ్యాలి. చెయ్యకపోతే కరెంటు పోగానే అంతా పోతుంది. పాపం మరిచిపోయింది. పిల్లకి జ్వరం, ఇంటి ధ్యాస. ఆడపిల్ల కదా, మనమే సర్దుకోవాలి."

"ఇంట్లో కూరలో ఉప్పు కూడా ఇంతేనేమో!" అన్నాడు వెనకనించి ఒక లారీ డ్రైవరు. గోడ పొడుగునా నవ్వు పాకింది.

ఆమె చెవులు కాలిపోయాయి. "నేను సేవ్ చేశాను" అంది.

"చేస్తే ఎందుకు పోయిందమ్మా?" అన్నాడు మేనేజరు.

 అందరి నవ్వు కంటే ఆ ప్రశ్నే ఆమెని ఎక్కువ కోసింది. సేవ్ చేసింది. చేశాక మెమరీ తెరిచి పైనించి కిందిదాకా చదివింది కూడా. అలా చదవాలని నేర్పింది బావగారే. మరి ఎందుకు పోయింది?

"మధ్యాహ్నానికి పెట్టె బాగుచేసి, తాళాలు మీ బావగారికిచ్చి వెళ్ళు. రేపట్నించి రానక్కర్లేదు" అన్నాడు మేనేజరు. అని, టీ గ్లాసు అందుకున్నాడు. అంతే. ఇన్నేళ్ళ పని ఆ టీ గ్లాసు కింద పెట్టేలోపు ఊడిపోయింది.

చలిగది వెనక ఒక ఇరుకు గది. నేలంతా తడి. గోడకి ఇనప చట్రం, అందులో స్విచ్ పెట్టె, పళ్ళికిలించినట్టు వరసగా వైర్లు. ఆమె తలుపు ఈడ్చి తెరిచింది. ల్యాప్‌టాప్‌ని బోర్లించిన పాల క్రేటు మీద పెట్టి వైరు గుచ్చింది.   ఎవరి చెంప దొరుకుతుందా అని వెతుకుతున్న చేతులవి.

ముందు మెమరీ తెరిచింది.

ఉంది. అంతా ఉంది. తను పెట్టిన దారులన్నీ, మొన్న కలిపిన కొత్త థర్మామీటర్‌తో సహా, అక్షరం పొల్లుపోకుండా ఉంది.

"ఉందిరా నాయనా!" అని పైకే అనేసింది. మరుక్షణం కోపం రెండింతలైంది. ఉంటే ఎందుకు వాడుకోలేదు ఈ దరిద్రపు పెట్టె? ఇంట్లో డబ్బా నిండా బియ్యం పెట్టుకుని, మూతైనా తీసి చూడకుండా పక్కింటికి చేబదులుకి వెళ్ళినట్టుంది దీని వరస.

కరెంటు వైరు పీకి మళ్ళీ పెట్టింది. ఫ్యాను గుయ్యిమంది. తెర మీద అక్షరాలు బిలబిలా పరిగెత్తాయి. చివరికి పెట్టె ఒక ప్రశ్న వేసి ఆగింది: మొదట్నించి కొత్తగా అమర్చుకుంటారా?

"నీ మొహం!" అంది ఆమె.

ఈసారి పరిగెత్తిన అక్షరాలని వెనక్కి జరిపి, ఒక్కో వరసా వేలు పెట్టి చదివింది. పెట్టె పేరు, వయసు, లోపల ఎంత చోటుంది, ఇవన్నీ ఎప్పుడూ చూసేవే. ఎప్పుడూ చూసేవి కాబట్టే ఎప్పుడూ చదవనివి. అన్నిటికన్నా కింద ఒక అంకె ఉంది. ఈ కంపెనీలో ఉన్న పెట్టెలన్నిటికీ ఆ అంకె ఒక్కటే. ఇక్కడ మాత్రం నడుమ ఒకచోట మారి ఉంది.

ఆమె వెన్ను నిటారుగా అయింది.

స్విచ్ లేచేటప్పుడు ఏం చెయ్యాలో ఆ అంకె చెప్తుంది. మామూలు అంకె ఉంటే, లేస్తుంది, మెమరీ తెరుస్తుంది, చదువుకుంటుంది, పనిలోకి దిగుతుంది. ఈ మారిన అంకె ఉంటే, లేస్తుంది గానీ మెమరీ జోలికి పోదు. అలా ఎవరూ ఊరికే పెట్టరు. పాస్‌వర్డ్ మరిచిపోయినప్పుడు పెడతారు. పాస్‌వర్డ్ ఉండేది మెమరీలోనే కాబట్టి, దాన్ని చదవకుండా పెట్టెని లేపితే తలుపు తీసే ఉంటుంది. లోపలికి వెళ్ళి, పాతవన్నీ తెచ్చుకుని, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని, ఆఖర్న అంకెని మళ్ళీ మామూలుగా మార్చాలి. ఆ ఆఖరి పని మరిచిపోతే ఏమీ తెలియదు. పెట్టె చక్కగా నడుస్తూనే ఉంటుంది. సేవ్ చేస్తే సేవ్ అవుతూనే ఉంటుంది. మళ్ళీ కరెంటు పోయేదాకా.

ఈ గది తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి, తన దగ్గర, బావగారి దగ్గర.

చలిగది ముసలాయన్ని మంచుతాత అంటారు. ఎండాకాలంలో కూడా మందపాటి కోటు తొడుక్కుని తిరుగుతాడు. ఆమె వెళ్ళేసరికి గొట్టంతో కాలవ కడుగుతున్నాడు.

"తాతా, నేను లేనప్పుడు పెట్టె దగ్గరికి ఎవరొచ్చారు?"

మంచుతాత గొట్టం మూశాడు. "మీ బావగారే. పిల్లకి జ్వరమని నువ్వు రాలేదు చూడు, ఆరోజు. పాస్‌వర్డ్ తీసుకోవట్లేదని పెట్టెని బూతులు తిట్టాడు. అమ్మాయికి ఫోన్ చెయ్యండి బాబూ అన్నా. 'నేను నేర్పినదాన్ని నేను అడగాలా?' అని ఎగిరాడు. తర్వాత వైరు పీకాడు, ముందున్న బటన్ని ముక్కు నొక్కినట్టు నొక్కిపట్టుకుని కూర్చున్నాడు. చివరికి లోపలికి పోయాడ్లే. వెళ్తూ వెళ్తూ, అమ్మాయితో అనకు అన్నాడు."

ఆమెకి గుర్తొచ్చింది. మర్నాడు బావగారు పెద్దరికంగా, "భద్రత కోసం పాస్‌వర్డ్ మార్చానమ్మా, ఇదీ కొత్తది" అని చెప్పారు. ఎంత జాగ్రత్తపరుడో అనుకుంది తను.

"ఇందాక క్యాంటీన్లో నోట్లో ఏం పెట్టుకున్నావు తాతా?"

"పింఛను దగ్గరపడ్డవాణ్ణి తల్లీ."

"నాకు పింఛను కూడా లేదు తాతా!"

మంచుతాత తల దించుకున్నాడు. ఆమె అక్కడ నిలబడలేదు.

వరండాలో ఉండగా భర్త నించి ఫోన్ వచ్చింది. ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. సంగతి అప్పటికే అన్నగారి నోటి మీదుగా ఆయనకి చేరింది. ఆమె తనవైపు సంగతి చెప్పింది. అటువైపు హారన్లు మోగుతున్నాయి.

"నిజమే అనుకో. నలుగుర్లో అన్నయ్య పరువు తియ్యకు. సాయంత్రం ఇంట్లో అమ్మ ముందు కూర్చుని మాట్లాడదాం."

"నా పరువు మీ అమ్మ ముందు పోయిందా? క్యాంటీన్లో పోయింది."

"ఆయన మనకి దారి చూపించినవాడే..."

"చూపించాడు. ఇవాళ గేటు కూడా చూపించాడు. పెట్టెయ్యండి, పిల్లల్ని దింపాలి కదా!"

ఫోన్ ఆమే పెట్టేసింది.

బావగారు తాళాలకోసం ఇరుకు గదిలోకి వచ్చారు. ప్యాంటు తడవకుండా అంచులు పైకి మడుచుకుని వచ్చారు. "అయిందా అమ్మాయ్? బాధపడకు. నాలుగు నెలలు పోయాక ఇంకోచోట చూస్తాలే."

ఆమె ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. ఆ అంకె మీద వేలు పెట్టింది. 

ఆయన చూశారు. మొహంలో రంగు మెల్లిగా దిగిపోయింది. నేర్పినవాడు కదా, చెప్పక్కర్లేకపోయింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "తొందరలో పడిపోయి ఉంటుంది. తెలిసి చేశానా? నాకూ ఇప్పుడే కదా తెలిసింది."

"ఇప్పుడు తెలిసిందని ఒప్పుకుంటాను బావగారూ. పొద్దున చూడకుండానే నా పేరెందుకు చెప్పారు?"

"కాంట్రాక్టు పోతే రెండిళ్ళూ రోడ్డున పడతాయి. నీమీద పడితే ఒక్క ఉద్యోగంతో పోతుంది. ఇంటికోసం ఆలోచించాను నేను."

"ఇంటికోసం ఎప్పుడూ నా వేళ్ళే ఎందుకు కోస్తారు? మీకు వేళ్ళు లేవా?"

ఆయనకి కోపం వచ్చింది. "నోరు లేస్తోందే! ఆ అంకె నీ కళ్ళముందే ఉంది కదా ఇన్నాళ్ళూ? నువ్వు మాత్రం చూశావా? పనయ్యాక ఒక్కసారి ఆపి లేపి చూశావా?"

ఆ దెబ్బ తగిలింది. నిజమే, చూడలేదు. నడుస్తున్నదాన్ని ఎవరూ ఆపరు ఇక్కడ. పాలు ట్యాంకుల్లో ఉండగా ఆపనివ్వరు కూడా. అయినా చూడలేదు, అది నిజం.

"చూడలేదు. అది నా తప్పు, ఎవరి ముందైనా చెప్తాను. మీది మీరు చెప్పండి" అంది.

"ఇంట్లో మాట్లాడుకుందాం."

"మాట పడింది ఇక్కడ. ఇక్కడే తియ్యండి."

ఆయన తాళాలకోసం చెయ్యి చాపారు. ఆమె తలుపు బయటికి వెళ్ళి, వరండాలో పోతున్న మేనేజర్ని పిలిచింది. పిలిచిన గొంతు విని ఆయన విసుక్కుంటూనే వచ్చాడు. ముగ్గురూ నిలబడితే గదిలో ఊపిరాడే చోటు లేదు.

"సార్, నేను సేవ్ చేసిందంతా ఇందులో ఉంది, చూడండి." చూపించింది. "ఇప్పుడు ఆపి మళ్ళీ లేపుతాను. లేస్తే ఇది నన్ను ఒక ప్రశ్న అడుగుతుంది. ఎందుకడుగుతుందో బావగారికి తెలుసు. లేచేలోపు ఆయన చెప్పొచ్చు. చెప్పకపోతే నేను చెప్తాను."

వైరు పీకింది. పెట్టింది. ఫ్యాను గుయ్యిమంది.

ఆ పెట్టెలు లేవడానికి మనిషికంటే బద్ధకిస్తాయి. చుక్కలు పడుతున్నాయి తెర మీద. మేనేజరు గడియారం చూసుకున్నాడు. బావగారు మడిచిన ప్యాంటు అంచులు ఒకటి విప్పారు, మళ్ళీ మడిచారు. నుదుటి మీద చెమట. చలిగది గోడ ఆనుకుని ఉన్న గదిలో చెమట. ఆమె ఆయన్నే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ళూ ఆయన ముందు తల ఎత్తి మాట్లాడింది లేదు. ఇప్పుడు తల దించుదామన్నా మెడ వంగేలా లేదు.

తెర మీద ప్రశ్న వచ్చి నిలిచింది.

"పాస్‌వర్డ్ మరిచిపోయాను సార్, ఆరోజు" అన్నారు బావగారు. "అంకె వెనక్కి మార్చలేదు. అమ్మాయి సేవ్ చేసింది."

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముక్కు రుద్దుకున్నాడు. "సరేలే. మీ ఇంటి గొడవలతో నా పాలు నేలపాలు చేశారు. కాంట్రాక్టు సంగతి రేపు మాట్లాడదాం. నువ్వు బాగుచెయ్యమ్మా. రేపు మామూలుగా వచ్చెయ్." తలుపు వైపు తిరిగాడు.

"సార్."

"ఇంకేంటి?"

"రేపు రావడానికి నాకు ఇది చాలదు. అంకె మారుస్తాను, లేపి చూపిస్తాను, పావుగంట పని. ఈలోపు పొద్దున క్యాంటీన్లో ఉన్నవాళ్ళందర్నీ పిలిపించండి."

"లోడింగ్ టైమమ్మా ఇది!"

"పొద్దున కూడా లోడింగ్ టైమే సార్. నన్ను తిట్టడానికి ఆపారు కదా."

 మేనేజరు జేబులోంచి ఫోన్ తీసి, "అందర్నీ క్యాంటీన్లోకి రమ్మను. ఆఁ, మళ్ళీ" అన్నాడు.

ఆమె అంకె మార్చింది. ఆపి లేపింది. ఈసారి పెట్టె ఏమీ అడగలేదు. మెమరీ చదువుకుంది, దీపాలు ఒకదాని వెనక ఒకటి పచ్చగా వెలిగించుకుని పనిలోకి దిగింది. ఆమెకి సంతోషం కలగలేదు. తాళాలు తన నడుముకే దోపుకుని క్యాంటీన్‌కి నడిచింది.

గంబూట్లు మళ్ళీ గోడల వెంట చేరాయి. మంచుతాత ఈసారి ముందుకొచ్చి నిలబడ్డాడు. లారీ డ్రైవరు వెనక బెంచీ దగ్గర, ఏదో నములుతున్నాడు. బావగారికి ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

"పెట్టెలో పొరపాటు నాది" అన్నారు ఆయన, నేలకేసి చూస్తూ. "మా మరదలిది కాదు. నేనే చూడకుండా ఆమె పేరు చెప్పాను."

ఎవరో దగ్గారు. మేనేజరు, ఇక అయిపోయినట్టు చేతులు దులుపుకున్నాడు.

"వెనక ఉన్నవాళ్ళకి వినబడలేదు బావగారూ" అంది ఆమె.

బావగారు తల ఎత్తారు. మళ్ళీ చెప్పారు.